ఎర్రదారం కట్టిన వంటల పుస్తకం

రబ్బరత్త అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలీదు. మేనకోడలికి మాటలు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, ఈవిడ చేతిలో ఎప్పుడు చూసినా రబ్బరు ముక్కే కనపడేసరికి, "రబ్బరత్తా" అని పిలిచింది. ఆ పిల్ల పెద్దదైపోయింది, పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయింది, పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. టీ కొట్టతనూ, పోస్టుమ్యానూ, చివరికి సొంత అన్నయ్య కూడా అలాగే పిలుస్తాడు. నీకెప్పుడు అత్తనయ్యాను అన్నయ్యా అంటే, ఊరందరికీ అయినప్పుడు నేనేం పాపం చేశాను అంటాడు.

వాళ్ళది పాత పుస్తకాల షాపు. సరిగ్గా బస్టాపు ఎదురుగా. ముందు గదిలో అన్నయ్య, నేల నుంచి పైకప్పు దాకా పుస్తకాలు, మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిస్తే పట్టేంత దారి. వెనక గది రబ్బరత్తది. దానికి ఒక్కటే కిటికీ, పడమటి వైపు. కిటికీ కింద పొడుగాటి బల్ల, బల్ల మీద మైదా జిగురు గిన్నె, బ్రష్షు, సూదులు, దారపు ఉండలు, అట్టముక్కలు, ఇంక రబ్బర్లు. మెత్తవి, గట్టివి, అరిగి అరిగి గులకరాళ్ళలా గుండ్రంగా అయిపోయినవి. కింద నేల మీద ఎప్పుడూ రబ్బరు పొట్టే. వదిన చీపురు పట్టుకుని వచ్చినప్పుడల్లా, ఈ ఇంట్లో రోజూ ఎన్ని మాటలు ఊడ్చి పారేస్తున్నానో అనేది. సరదాకే అనేది, కానీ రబ్బరత్తకి ఆ మాట లోపలెక్కడో గుచ్చుకునేది.

ఎందుకంటే ఆవిడ పనే అది. కట్టలు కట్టలుగా వచ్చిన పాత పుస్తకాలకి చిరిగిన చోట అతికించి, ఊడిన చోట కుట్టి, కొత్త అట్ట వేసి, లోపల ఎవరో రాసుకున్న పెన్సిల్ రాతలన్నీ శుభ్రంగా చెరిపెయ్యాలి. రాతలున్న పుస్తకం ఎంగిలి పుస్తకం అనేవాడు వాళ్ళ నాన్న. ఆయన తర్వాత అన్నయ్యా అదే మాట. ఎంగిలి ఎవడు కొంటాడే అని. రబ్బరు ఎలా పట్టుకోవాలో నేర్పింది కూడా నాన్నే. ఒకే వైపు రుద్దాలి, ముందుకీ వెనక్కీ రుద్దితే కాగితం పొర లేచిపోతుంది. ఆయన దగ్గర్నుంచి ఇంకో అలవాటు కూడా వచ్చింది రబ్బరత్తకి. ఏ పుస్తకంలోనూ ఏమీ రాయకపోవడం. స్కూలు పుస్తకాల మీద కూడా తన పేరు రాసుకోలేదు ఆవిడ. ఏడాది అవ్వగానే అవి షాపులోకి వచ్చేసేవి కదా మరి.

పని మాత్రం ఏదో కలలో చేస్తున్నట్టు చేసేది. ఎడమచేత్తో పేజీ నొక్కిపట్టి, కుడిచేత్తో రబ్బరు. కళ్ళు చదువుతుంటాయి, వెనకాలే చేయి చెరుపుతూ వస్తుంటుంది. మాట చివరికి కళ్ళు చేరేసరికి మాట మొదలు పేజీలో ఉండదు. ఆవిడకి చదవడం అంటే ఇదే. రబ్బరు లేకుండా ఉత్తినే చదవమంటే నాలుగు లైన్లకే నిద్ర ముంచుకొచ్చేది.

క్లాసు పుస్తకాల్లో ఏముంటుంది, ముఖ్యం, ముఖ్యం, చాలా ముఖ్యం. నవలల్లో ఎవరో కోపంగా "అంతా అబద్ధం" అని రాసి ఉంటారు. వంటల పుస్తకాలొచ్చాయంటే మాత్రం రబ్బరత్త మొహం వెలిగిపోయేది. వాటిని పొద్దున ముట్టుకునేది కాదు. కంచంలో ఇష్టమైనది చివరికి దాచుకున్నట్టు, మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఎండ కిటికీలోంచి బల్ల మీదకి జారే వేళకి దాచుకునేది.

వంటల పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి చేతులు వదిలేస్తే తనంతట తనే ఒక పేజీ దగ్గర తెరుచుకుంటుంది. ఆ ఇంట్లో ఎక్కువసార్లు వండింది అదన్నమాట. ఆ పేజీకి నూనె మరకలు, పేజీల మధ్య సందులో పిండి, ఎక్కడో పాకం అంటుకుని రెండు పేజీలు ఒకటైపోయి. వాటిని పేపరు కత్తితో మెల్లిగా విడదీస్తే లోపల్నుంచి ఎప్పటిదో దాల్చినచెక్క వాసన. పక్కన పెన్సిల్‌తో మనుషులు. "బాలేదు, ఇంకెప్పుడూ చెయ్యను" అని ఒకావిడ. దాని కిందే అదే చేతిరాత, కాస్త సన్నబడిన పెన్సిల్, "మళ్ళీ చేశాను, బానే ఉంది." "చుట్టాలకి మాత్రమే" అని ఇంకొకావిడ కేకు పేజీలో. "దీనికంటే బజార్లో కొనుక్కోవడం నయం." ఒక జామ్ దగ్గర ఎవరో తల్లి, నిమ్మకాయ ఎక్కువైందని రాసి, పక్కన పిల్లాడి మొహం బొమ్మ వేసింది, పులుపుకి ముడుచుకుపోయిన మొహం. ఆ మొహం చెరపడానికి రబ్బరత్తకి చాలాసేపు పట్టింది. ముందు చెవులు, తర్వాత జుట్టు, తర్వాత నోరు. కళ్ళు చివర్న.

చెరిపినవి ఎక్కడికి పోతాయి? వంటింట్లోకే పోయేవి. సాయంత్రం వంట రబ్బరత్తదే. ఆవిడ గిన్నె పొయ్యి మీద పెట్టగానే వదిన గుమ్మంలో నిలబడి, "ఇవాళ ఎవరింటి వంట?" అని అడిగేది. ఎవరో ఆవిడ ఉల్లిపాయలు ముందే వేయించమంది వదినా, ఇంకెవరో వాళ్ళాయనకి కారం పడదట. "వాళ్ళాయనకి పడకపోతే మీ అన్నయ్యకేం రోగం? పాపం మూడు రోజుల్నుంచీ చప్పిడి తింటున్నాడు." అన్నయ్య తల ఎత్తకుండా తినేసేవాడు. ముక్కూ మొహం తెలీనివాళ్ళ రుచులన్నీ ఆ ఇంట్లో ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, కొన్నాళ్ళుండి, చుట్టాల్లా వెళ్ళిపోయేవి.

షాపులో గట్టి నియమం ఒకటుంది. అమ్మకానికి వచ్చిన పుస్తకాలు విడిగా ఉంటాయి. ఎవరైనా అట్ట వేసిపెట్టమని ఇచ్చిన పుస్తకమైతే దానికి ఎర్రదారం చుట్టి ముడివేస్తారు. ఎర్రదారం ఉందంటే అది ఇంకొకరి పుస్తకం. బయట ఏం చేసినా చెయ్యొచ్చు, లోపల మాత్రం చెయ్యి పెట్టకూడదు. నాన్న పెట్టిన నియమం, ఒక్కసారి కూడా తప్పలేదు.

ఒక మధ్యాహ్నం అన్నయ్య వెనక గదిలోకి వచ్చి ఎర్రదారం కట్టిన పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. బస్సు కండక్టరమ్మ ఇచ్చిందట, బస్సు ఆగి ఉండగానే గబగబా దిగి చేతిలో పెట్టి, అట్ట వెయ్యండి, జాగ్రత్తండీ అని మళ్ళీ ఎక్కేసిందట. వంటల పుస్తకం. అట్ట సగం ఊడిపోయి, వెన్ను చీలి, బాగా తిని నిద్రపోతున్న పిల్లిలా ఉబ్బిపోయి ఉంది.

రబ్బరత్త దాన్ని ముందు వాసన చూసింది. తర్వాత, కుట్లు ఎలా ఉన్నాయో చూడాలి కదా అని తనకి తనే చెప్పుకుని, దారం విప్పింది. విప్పిన దారం పారేస్తే మళ్ళీ వెతుక్కోవాలని ఎడమచేతి చూపుడువేలికి చుట్టుకుంది. పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి వదిలింది. అది సూప్ దగ్గర తెరుచుకుంది.

"వాన. ఆయన రాలేదు. సూప్ వేడి చేశాను. చల్లారింది. మళ్ళీ వేడి చేశాను. ఇన్నిసార్లు కాగితే ఇంకా రుచిగా ఉంటుందని ఇవాళే తెలిసింది."

ఎండ బల్ల మీదకి జారుతోంది. బయట బస్సులు ఆగుతున్నాయి, పోతున్నాయి. రబ్బరత్త మొదటి పేజీకి వెళ్ళింది. రాసినావిడ పుస్తకంతో పోట్లాడుతోంది. "ఇది రాసినవాడు పొయ్యి ముందు ఎప్పుడూ నిలబడలేదు." "నలుగురికి సరిపోతుందట. మా ఇంట్లో ఒక్క మనిషి తినేశాడు, ఇంకా ఉందా అని అడిగాడు." బ్రెడ్డు దగ్గర, "పిండి పొంగలేదు. నా మొహంలాగే ఉంది. జామ్ రాసి పెట్టాను, ఎవరూ కనిపెట్టలేదు." కొన్ని పేజీలు పోయాక ఒక పిల్ల వచ్చింది. పేరు లేదు, మొండిది అనే రాసింది తల్లి. మొండిది ముట్టలేదు. మొండిది పాలు కూడా వద్దంది. "మొండిదానికి జ్వరం. ఈ గంజి నాలుగు చెంచాలు తాగింది. ఈ పేజీని కళ్ళకద్దుకున్నాను." ఇంకా ముందుకి వెళ్తే, "మొండిది ఇవాళ అడిగి మరీ మళ్ళీ పెట్టించుకుంది. బయట చెప్పకూడదు, దిష్టి తగులుతుంది."

పిల్ల పెరుగుతోంది. పెన్సిల్ మారుతోంది, చేతిరాత వణుకుతోంది. రబ్బరత్తకి ఎక్కడున్నదీ తెలీడం లేదు. తనే ఆ వంటింట్లో స్టూలు మీద కూర్చుని వింటున్నట్టుంది. చివరి పేజీలో ఒక్క లైను. "కళ్ళు సరిగ్గా కనపడ్డం లేదు. చేతికి అన్నీ వచ్చు, పుస్తకంతో ఇంక పనేముంది, అయినా పక్కన ఉంటే తోడుగా ఉంటుంది."

ఆ లైను మీద నుంచి ఎడమచేయి తీసేసరికి వేలికి చుట్టిన ఎర్రదారం కనపడింది.

తర్వాత కుడిచేయి కనపడింది. అందులో రబ్బరు. బల్ల అంచున పొట్టు చిన్న కుప్పగా పోగైంది. రబ్బరత్త పేజీలు వెనక్కి తిప్పింది, ఇంకా వెనక్కి, మొదటికి. అచ్చు అక్షరాలే ఉన్నాయి. ఎక్కడా ఒక్క పెన్సిల్ గీత లేదు. మంచి పనిమంతురాలు కదా, ఆనవాలు కూడా మిగల్చలేదు.

అన్నయ్య విషయం విని నుదురు పట్టుకున్నాడు. అట్ట బ్రహ్మాండంగా వేసెయ్, బంగారు రంగు అక్షరాలు కొట్టు, పైన మెరిసిపోతుంటే లోపల ఎవరు చూస్తారు, అన్నాడు. వదిన మాత్రం, నేనైతే చెప్పను, చెప్పకుండా ఉండనూలేను అంది. అది ఎటూ సాయం చెయ్యని మాట. కానీ రబ్బరత్త పరిస్థితి సరిగ్గా అదే.

మర్నాటి నుంచి ఇంకో బాధ మొదలైంది. ఆ కండక్టరమ్మ బస్సు రోజూ షాపు ముందే ఆగేది. ఆగగానే ఫుట్‌బోర్డు మీద నుంచే అరిచేది, "అయిందాండీ?" అని. రోజంతా స్టాపుల పేర్లు అరిచే గొంతు అది, వెనక గది కిటికీ రెక్కలు కూడా ఉలిక్కిపడేవి. జిగురు ఆరలేదమ్మా, రేపు, అనేవాడు అన్నయ్య. ఇంకా ఆరలేదా, ఏం జిగురండీ బాబూ అది, అనేసి రైట్ రైట్ అనేది. బస్సు వెళ్ళిపోయేది. రబ్బరత్త సూది పట్టుకుని అలా ఉండిపోయేది.

అట్ట ఎప్పుడో ఆరింది. అసలు పని వేరే నడుస్తోంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు పేజీని కాస్త వంచి పట్టుకుంటే, పెన్సిల్ నొక్కిన చోట కాగితంలో సన్నటి గాడులు కనపడుతున్నాయి. పొలంలో నీళ్ళు పోయాక కాలవల గుర్తులు ఉన్నట్టు. సంతోషంగా పెన్సిల్ చెక్కి, ఆ గాడి వెంటే జాగ్రత్తగా దిద్దింది. వాన. ఆయన రాలేదు. దిద్దాక దూరంగా పెట్టి చూసుకుంది. అక్షరాలన్నీ అవే. కానీ నిద్రపోతున్న మనిషి చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించినట్టుంది. చూడలేకపోయింది. మళ్ళీ రబ్బరే తీసింది. ఒకే వైపు రుద్దింది.

పెన్సిల్ కింద పెట్టేశాక మనసు కాస్త నెమ్మదించింది. చెప్పాలి, అంతే. అట్టకి మామూలు నీలం గుడ్డే వేసింది. బంగారు అక్షరాలు కొట్టలేదు.

సెలవు రోజున కండక్టరమ్మ యూనిఫాం లేకుండా వచ్చింది. మామూలు చీరలో చిన్నగా కనపడింది. రబ్బరత్తంటే మీరేనా, మీ అన్నయ్యగారు ఒక జిగురు గురించి చెప్తున్నారండీ, ఏడు సముద్రాల అవతల్నుంచి తెస్తారేమో అనుకున్నా, అంటూ నవ్వుతూ వెనక గదిలోకి వచ్చింది. పుస్తకం చేతిలోకి తీసుకుంది. నీలం అట్టని నిమిరింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. తెరిచింది. ఒక పేజీ, ఇంకో పేజీ. తర్వాత గబగబా చాలా పేజీలు.

"ఇది నా పుస్తకం కాదండీ."

"నీదే అమ్మా."

"కాదు. మా అమ్మ రాతలుండాలి. పక్కన, పెన్సిల్‌తో."

"ఉండేవి. నేనే చెరిపేశాను." అంది రబ్బరత్త. "చదువుతూ చెరిపేశాను. నాకు చదవడం అలాగే వచ్చు. దారం విప్పకూడదు, విప్పాను. తప్పు నాదే."

ముందు గదిలో అన్నయ్య ఏదో సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. బస్సంతా వినపడే ఆ గొంతు ఇప్పుడు పక్కమనిషికి కూడా సరిగ్గా వినపడనంత చిన్నదైంది.

"నేనింకా చదవలేదు," అంది కండక్టరమ్మ.

తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. పోయిన చలికాలంలో అమ్మ చనిపోయింది. వంటింట్లోకి ఎప్పుడూ రానివ్వలేదట, డ్యూటీ చేసొచ్చావు కూర్చో అనేదట. ఇప్పుడు గుడ్డు ఉడకబెట్టడం కూడా భయమేనట. పుస్తకం అలమరలోనే ఉంది, తియ్యాలనుకోవడం, ఆ పాత అట్ట చూడగానే చెయ్యి ఆగిపోవడం. కొత్త అట్ట వేస్తే కొత్త పుస్తకంలా ఉంటుంది కదా, అప్పుడు నెమ్మదిగా రోజుకొక పేజీ చదువుదామనుకుందట.

రబ్బరత్తకి అప్పుడు అర్థమైంది. ఆ తల్లి రాసుకున్న మాటలు చదివిన మనిషి ఈ లోకం మొత్తంలో తనొక్కతే. వాటికి తన బుర్ర తప్ప ఇంకో చోటు లేదు.

"నాకు గుర్తున్నాయి," అంది. "చెప్పనా?"

కండక్టరమ్మ పుస్తకాన్ని గుండెకి అదుముకుని నిలబడింది. రబ్బరత్త స్టూలు జరిపి, పుస్తకం చేతిలోంచి మెల్లిగా తీసుకుని, కిటికీ ఎండలో ఏటవాలుగా పట్టుకుంది.

"ఇదిగో, ఇక్కడ. ఇది రాసినవాడు పొయ్యి ముందు ఎప్పుడూ నిలబడలేదు, అంది మీ అమ్మ."

కాసేపటికి కండక్టరమ్మ కూర్చుంది. ఇంకాసేపటికి ముందుకి వంగింది. బ్రెడ్డు పొంగని రోజు దగ్గర పెదవి చివర కదిలింది. వాన రోజు దగ్గర, మా నాన్న ఆ రాత్రి సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు, తలుపు చప్పుడుకి నేను లేచాను, అని తనే అందుకుంది. రబ్బరత్త ఆగి, ఆవిడ చెప్పడం అయ్యేదాకా ఉండి, మళ్ళీ మొదలుపెట్టింది. మొండిది ముట్టలేదు. మొండిది పాలు వద్దంది.

"మొండిది నేనే."

"నేనూ అదే అనుకున్నాను. రోజూ బస్సులోంచి అరుస్తుంటే."

కండక్టరమ్మ పెద్దగా నవ్వింది, నవ్వు మధ్యలో కళ్ళు తుడుచుకుంది. గంజి పేజీ దగ్గర, అమ్మ కళ్ళకద్దుకున్న చోట, తనూ వేలు పెట్టి ఆ గాడులని తడిమింది. చివరి లైను దాకా, తోడుగా ఉంటుంది అన్న మాట దాకా, అలా తడుముతూనే ఉంది.

ఒక్క చోట మాత్రం ఆగిపోయారు. వేయించిన చేప పేజీలో, అడుగున. పెన్సిల్ తేలిగ్గా పట్టి రాసినట్టుంది, గాడి నిలవలేదు. ఎండకి ఎంత వంచినా మొండిది అన్న మాట ఒక్కటే తేలుతోంది. రబ్బరత్త కళ్ళు మూసుకుని వెతికింది. ఆ పేజీ దగ్గరే కాబోలు, పొయ్యి మీద జిగురు పొంగిందని లేచి వెళ్ళింది. వచ్చి కూర్చుని చూడకుండానే చెయ్యి ఆడించేసింది. ఏదో ఒకటి అల్లి చెప్పెయ్యొచ్చు, ఇప్పుడు ఆవిడ గొంతు బాగా పట్టుబడింది కూడా. కానీ నోరు రాలేదు.

"ఇది నాకు తెలీదమ్మా. ఇది పోయింది."

కండక్టరమ్మ ఆ పేజీని చాలాసేపు చూసింది. రబ్బరత్త బల్ల మీదున్న పెన్సిల్ కేసి చెయ్యి చాపింది, మిగతావన్నీ నేను రాసిస్తాను, నీకు కావాలంటేనే, అని. జీవితంలో మొదటిసారి ఒక పుస్తకంలో రాస్తానని అంది ఆవిడ. నా రాత బాగోదు కానీ, అని కూడా అంది.

"మా అమ్మది బాగుండేదా?"

"లేదు."

"మరింకేం, రాయండత్తా." చేతిసంచిలోంచి బాల్‌పెన్ను తీసి ముందు పెట్టింది. "దీంతో రాయండి. మీ చేతిలో పెన్సిల్ని నేను నమ్మను."

ఆ సాయంత్రమంతా రబ్బరత్త రాసింది. తల్లి గాడులని దిద్దకుండా, పక్కనున్న ఖాళీలో, తన వంకర అక్షరాలతో. చేతికి అలవాటు లేక పెన్ను పట్టు తప్పుతోంది. అన్నయ్య గుమ్మంలోంచి తొంగిచూసి, ఎంగిలి చేస్తున్నారు పుస్తకాన్ని, అని గొణిగి, ఇద్దరికీ టీ చెప్పాడు. చేప పేజీ అడుగున ఖాళీ ఖాళీగానే వదిలేశారు. వెళ్ళేటప్పుడు రబ్బరత్త పుస్తకానికి మళ్ళీ ఎర్రదారం చుట్టి, ముడి రెండుసార్లు వేసింది.

కొన్నాళ్ళు బస్సు ఆగడం, పోవడం. అయిందా అని అరుపు లేదు. వెనక గది మరీ నిశ్శబ్దమైపోయింది. కోపం ఇంకా ఉందేమో, ఎందుకుండదు, అనుకునేది రబ్బరత్త. సాయంత్రాలు ఆ సూప్ పెట్టేది. చల్లార్చి, మళ్ళీ వేడి చేసి. వదిన ఎవరింటి వంట అని అడగడం మానేసింది.

తర్వాతి సెలవు రోజు మధ్యాహ్నం కండక్టరమ్మ స్టీలు డబ్బాతో వచ్చింది. చేప. ఒక వైపు బాగా మాడింది. డబ్బా మూత తీసి, పక్కన పుస్తకం తెరిచి పెట్టింది. ఆ పేజీకి కొత్తగా నూనె మరక, ఇంకా తడిగా మెరుస్తోంది. అడుగున, తేలీ తేలని మొండిది అన్న మాట పక్కనే, టికెట్ల వెనక లెక్కలు రాసే చేతిరాతతో, పెన్నుతో ఒక లైను.

"నువ్వేం రాశావో తెలీదమ్మా. నేనే వండాను. ఉప్పు మర్చిపోయాను. రబ్బరత్త తిని చెప్తుంది."

రబ్బరత్త చదివింది. కళ్ళు లైను వెంట వెళ్తుంటే, వెనకాలే కుడిచేయి, రబ్బరేమీ లేని ఉత్త చేయి, అలవాటు కొద్దీ కాగితం మీద మెల్లిగా కదిలింది. చివరి దాకా వెళ్ళి ఆగింది. చేయి తీసి చూసింది. ఒక్క అక్షరం కూడా పోలేదు.

"ఉప్పు తెస్తానుండు," అని లేచింది.